జీన్ టెస్టు రిపోర్టులోని అంకెను ఎలా చదవాలి, డాక్టర్‌ని ఏం అడగాలి

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిపోయి, గడ్డ పూర్తిగా వచ్చేసిందని విని, హమ్మయ్య అనుకునేలోపే డాక్టర్‌గారు ఇంకో మాట అంటారు: "కీమో ఇవ్వాలా వద్దా తేల్చుకోవడానికి గడ్డ ముక్కను జీన్ టెస్టుకు పంపుదాం." కొన్నాళ్లకు రిపోర్టు వస్తుంది. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో ఒక అంకె, 19 అనో 27 అనో, పక్కన ఒక శాతం, కింద ఒక గ్రాఫు. ఇక ఇంటిల్లిపాదీ ఆ అంకె మీద పడతారు. ఒకరు ఎక్కువంటారు, ఒకరు ఫర్వాలేదంటారు, ఇంకొకరు నెట్‌లో వెతికి ఎప్పటిదో పాత కటాఫ్ (రిస్కును విడగొట్టే హద్దు అంకె) పట్టుకొచ్చి అందరికీ టెన్షన్ పెడతారు.

ఆ రిపోర్టును నింపాదిగా, ఒకదాని తర్వాత ఒకటిగా ఎలా చదువుకోవాలో చెబుతాను. ఎక్కువగా రొమ్ము క్యాన్సర్ గురించే మాట్లాడతాను, ఎందుకంటే గడ్డలో జీన్‌ల పనితీరును కొలిచి జబ్బు ముందుముందు ఎలా నడుస్తుందో అంచనా వేసే టెస్టుల్లో, వేలమంది మీద ట్రయల్స్ చేసి నిగ్గు తేల్చినవి ఎక్కువగా ఇక్కడే ఉన్నాయి. మిగతా క్యాన్సర్ల సంగతి తర్వాత క్లుప్తంగా చూద్దాం.

మొదట, మీ చేతిలో ఉన్నది ఏ టెస్టో చూసుకోండి

జీన్ టెస్టు అని అందరూ ఒకే మాట అంటారు గానీ ఆ మాట కింద మూడు రకాల టెస్టులు నడుస్తుంటాయి, వాటిని కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం. రక్తమో లాలాజలమో తీసుకుని బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 లాంటి జీన్‌లలో పుట్టుకతో వచ్చిన లోపం ఉందేమో చూసేది ఒకటి. దాని ఫలితం మీతోపాటు మీ అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, పిల్లలకు కూడా సంబంధించింది. గడ్డలో ఏ మ్యుటేషన్లు ఉన్నాయో చూసి, దానికి సరిపడే టార్గెటెడ్ మందు ఉందేమో వెతికేది ఇంకొకటి. మూడోది మనం మాట్లాడుకుంటున్నది. ఇది జీన్‌లో లోపం ఉందా అని అడగదు, ఏ జీన్ ఎంత జోరుగా పనిచేస్తోంది అని అడుగుతుంది. జీన్ పనిచేస్తున్నప్పుడు ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది కాబట్టి, గడ్డ ముక్కలో ఆ ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో కొలిస్తే ఆ జీన్ జోరు తెలుస్తుంది. దీని ఫలితం ఆ గడ్డకు మాత్రమే సంబంధించింది, మీ పిల్లలకు ఏమాత్రం కాదు.

రిపోర్టు పైన పేరు చూడండి. ఆంకోటైప్ డీఎక్స్, మామాప్రింట్, ప్రొసిగ్నా, ఎండోప్రెడిక్ట్, బ్రెస్ట్ క్యాన్సర్ ఇండెక్స్, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. ఏ టెస్టు స్కేలు దానిదే. ఆంకోటైప్‌లో 0 నుంచి 100 వరకు స్కోరు ఇస్తారు, ప్రొసిగ్నాలోనూ 0 నుంచి 100 వరకే ఇస్తారు, కానీ ఇందులో 35కు, అందులో 35కు అర్థం వేరు. మామాప్రింట్ ప్రధానంగా తక్కువ రిస్కా, ఎక్కువ రిస్కా అని చెబుతుంది. కాబట్టి పక్కింటావిడ స్కోరుతో మీ స్కోరు పోల్చుకునే ముందు, ఇద్దరూ చేయించుకున్నది ఒకే టెస్టు అయి ఉండాలి. ఒకటే అయినా వయసు, జబ్బు పట్టిన లింఫ్ నోడ్‌ల (చంకలోని చిన్న గ్రంథుల) సంఖ్య వేరైతే ఆ పోలిక పనికిరాదు.

లోపల ఏం కొలుస్తారో ఒక్కసారి దగ్గరగా చూడండి, అప్పుడు అంకె మీద భయం కొంత తగ్గుతుంది. ఆంకోటైప్‌లో 21 జీన్‌లు ఉంటాయి. అందులో 5 కేవలం కొలత కోసం పెట్టినవి. అంటే ఒకరి ముక్కలో ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా, ఇంకొకరి ముక్కలో తక్కువగా దొరికినా లెక్క తప్పకుండా ఉండటానికి. మిగతా 16లో కేఐ-67, సర్వైవిన్, సైక్లిన్ బి1 లాంటివి కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో చెబుతాయి. ఇవి జోరుగా ఉంటే స్కోరు పెరుగుతుంది. ఈస్ట్రోజెన్ రిసెప్టర్, ప్రొజెస్టరాన్ రిసెప్టర్, బీసీఎల్2, స్క్యూబ్2 ఒక గుంపు, గడ్డ హార్మోన్ల మీద ఎంత ఆధారపడుతోందో చెబుతాయి, ఇవి గట్టిగా ఉంటే స్కోరు తగ్గుతుంది. హెర్2, జీఆర్‌బీ7 ఇంకో జట్టు. పక్క కణజాలంలోకి చొచ్చుకుపోవడానికి సంబంధించినవి రెండు, ఇంకా విడిగా మూడు. ఇవన్నీ తలా ఒక బరువుతో కూడితే వచ్చేదే ఆ అంకె. గడ్డ ఎంత వేగంగా పెరుగుతోంది, హార్మోన్ మందుకు (ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే మందుకు) ఎంత లొంగేలా ఉంది, ముఖ్యంగా ఈ రెండే ఆ స్కోరును పైకీ కిందికీ లాగుతాయి.

పంపకముందే ఒక ప్రశ్న అడగండి

"డాక్టర్‌గారూ, స్కోరు తక్కువొస్తే ఏం చేస్తారు, ఎక్కువొస్తే ఏం చేస్తారు?" రెండింటికీ ఒకటే జవాబు వస్తే ఆ టెస్టు అవసరం లేదు. నా మాటగా చెప్పాలంటే ఈ వ్యాసంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకేదీ లేకపోయినా ఈ ప్రశ్న చాలు. ఉదాహరణకు, వేరే ఆరోగ్య సమస్యల వల్ల కీమో తట్టుకోలేని పెద్దావిడకు స్కోరు ఎంతొచ్చినా కీమో ఇవ్వరు. అలాంటప్పుడు ఆ అంకె ఆవిడ చికిత్సలో దేన్నీ మార్చదు, మనసుకు మాత్రం భారం అవుతుంది.

టెస్టు మీకు వర్తిస్తుందో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి. గడ్డను మైక్రోస్కోపులో చూసి ఇచ్చే పాథాలజీ రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉంది), హెర్2 నెగటివ్ (హెర్2 ప్రొటీన్ ఎక్కువగా లేదు) అని ఉండాలి. జబ్బు తొలి దశలో ఉండాలి, అంటే దూరపు అవయవాలకు పాకి ఉండకూడదు. చంకలోని లింఫ్ నోడ్‌లు శుభ్రంగా ఉండాలి, లేదా ఒకటి నుంచి మూడు వరకు మాత్రమే పట్టి ఉండాలి. ట్రిపుల్ నెగటివ్ (ఈఆర్, ప్రొజెస్టరాన్ రిసెప్టర్ అంటే పీఆర్, హెర్2 మూడూ నెగటివ్) అయినా, హెర్2 పాజిటివ్ అయినా ఈ స్కోరుతో కీమో నిర్ణయించరు, వాటి దారి వేరు. నాలుగు, అంతకంటే ఎక్కువ నోడ్‌లు పట్టినవాళ్లలో స్కోరు చూసి కీమో మానేయవచ్చని చెప్పే స్థాయి ఆధారం లేదు.

ముక్క సంగతి తేలిగ్గా తీసుకోకండి

టెస్టు ఎంత గొప్పదైనా పంపిన ముక్కను బట్టే ఫలితం. ఆపరేషన్‌లో తీసిన గడ్డను ఫార్మలిన్‌లో ఉంచి, మైనపు దిమ్మలో బిగిస్తారు, దాన్ని బ్లాక్ అంటారు. దాన్నుంచి పలుచటి పొరలు కోసి ఆర్‌ఎన్‌ఏ తీస్తారు. ఆర్‌ఎన్‌ఏ చాలా సున్నితమైనది, త్వరగా విరిగిపోతుంది, అందుకే గడ్డ తీసిన వెంటనే ఫార్మలిన్‌లో వేయకుండా ఆలస్యం చేసినా, రోజుల తరబడి అందులోనే వదిలేసినా నాణ్యత పడిపోతుంది. ఈఆర్, హెర్2 పరీక్షలకు 6 నుంచి 72 గంటలు ఫార్మలిన్‌లో ఉండాలని నియమం పెట్టింది కూడా ఇలాంటి కారణాలతోనే. ముక్క మరీ చిన్నదైనా, ఆర్‌ఎన్‌ఏ సరిపోకపోయినా ల్యాబు ఫలితం ఇవ్వలేమని చెబుతుంది. అలా చెప్పడం మంచి ల్యాబు లక్షణం, కోపం తెచ్చుకోవద్దు, వేరే బ్లాక్ ఉందేమో అడగండి.

ఎవరూ పెద్దగా చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ముందు బయాప్సీ చేసిన చోట గాయం మానుతూ ఉంటుంది, అక్కడ వాపు కణాలు, కొత్త కణజాలం వేగంగా పెరుగుతుంటాయి. కోసిన ముక్కలో ఆ భాగం కలిసిపోతే, విభజన జీన్‌ల జోరు ఎక్కువ కనబడి స్కోరు అసలుకంటే పెరగవచ్చు. గడ్డ ఎక్కడుందో పాథాలజిస్టు స్లైడు మీద గీత గీసి, పక్క భాగాన్ని గీకేసి పంపడం అందుకే. ఇక ఆపరేషన్‌కు ముందే కీమో ఇచ్చి ఉంటే, ఆ తర్వాత తీసిన గడ్డ ఈ టెస్టుకు పనికిరాదు. కీమోకు ముందు తీసిన బయాప్సీ ముక్కను పంపాలి.

మీరు చేయాల్సింది ఒకటే: పాథాలజీ రిపోర్టులో బ్లాక్ నంబర్లు ఉంటాయి, టెస్టుకు పంపింది ఏ నంబరో అడిగి రాసుకోండి.

ఇప్పుడు అంకె

ఇది పరీక్షలో మార్కు లాంటిది కాదు, ఇన్ని దాటితే పాస్, దాటకపోతే ఫెయిల్ అనడానికి. స్కోరు పక్కన ఉన్న శాతాన్ని ముందు చదవండి, ఆ శాతం కింద చిన్న అక్షరాల్లో ఉన్న షరతును ఇంకా జాగ్రత్తగా చదవండి. ఆంకోటైప్ రిపోర్టులో నోడ్‌లు శుభ్రంగా ఉన్నవాళ్లకు "హార్మోన్ మందు మాత్రమే వాడితే 9 ఏళ్లలో జబ్బు దూరపు అవయవాల్లో తిరగబెట్టే అవకాశం" అన్న అర్థంలో ఉంటుంది. ఇందులో మూడు సంగతులున్నాయి. హార్మోన్ మందు వాడతారని అనుకుని వేసిన లెక్క ఇది. 9 ఏళ్ల లెక్క, జీవితాంతం లెక్క కాదు. దూరపు అవయవాల సంగతి, అంటే ఎముకలు, కాలేయం, ఊపిరితిత్తులు వగైరా. అదే రొమ్ములో మళ్లీ రావడం ఈ లెక్కలో లేదు.

ఆ శాతం మీ ఒక్కరి జాతకం కాదు. 6 శాతం అని ఉంటే, మీలాంటి గడ్డ ఉండి, మీలాగే మందు వాడిన వందమందిలో ఆరుగురికి తిరగబెట్టింది, తొంభైనాలుగు మందికి లేదు అని. మీరు ఆ ఆరుగురిలో ఉంటారా, తొంభైనాలుగు మందిలోనా అన్నది ఏ టెస్టూ చెప్పలేదు. ఇది చెప్పడం తేలిక, నమ్మడం కష్టం, అయినా పదేపదే చెప్పుకోవాల్సిందే.

స్కోరు అర్థం ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే పాత కటాఫ్‌ల గొడవ తీరిపోతుంది. ఆంకోటైప్‌లో మొదట్లో 18 కంటే తక్కువైతే తక్కువ రిస్కు, 31, ఆపైన అయితే ఎక్కువ, మధ్యది మధ్యస్థం అనేవాళ్లు. నెట్‌లో ఇప్పటికీ అదే కనబడుతుంది. తర్వాత టైలర్‌ఎక్స్ అనే పెద్ద ట్రయల్ చేశారు, పదివేలమందికి పైగా మహిళలు చేరారు, అందరికీ నోడ్‌లు శుభ్రంగా ఉన్నాయి. 11 నుంచి 25 మధ్య స్కోరు వచ్చిన 6,711 మందిని రెండుగా విడగొట్టి, ఒక గుంపుకు హార్మోన్ మందు మాత్రమే, ఇంకో గుంపుకు కీమో, హార్మోన్ మందు రెండూ ఇచ్చారు. 2018లో ఫలితాలు వచ్చాయి. 9 ఏళ్ల తర్వాత జబ్బు దూరంగా తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు కీమో లేని గుంపులో 94.5 శాతం, కీమో తీసుకున్న గుంపులో 95.0 శాతం. తేడా దాదాపు లేదు. అప్పటివరకు మధ్యస్థం అనే పేరుతో కీమో తీసుకుంటూ వచ్చిన ఎంతోమందికి దాని అవసరం లేదని తేలింది. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో రోగులకు నేరుగా మేలు చేసిన ఫలితాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది.

కానీ అక్కడితో ఆగకండి, వయసు చూడాలి. 50 ఏళ్లు, ఆలోపు ఉన్నవాళ్లలో కథ మారింది. స్కోరు 15 వరకు కీమోతో లాభం కనబడలేదు. 16 నుంచి 20 వరకు ఉన్నవాళ్లలో వందకు సుమారు 1.6 మందికి, 21 నుంచి 25 వరకు ఉన్నవాళ్లలో వందకు సుమారు 6.5 మందికి దూరంగా తిరగబెట్టడం తప్పింది. అంటే ఒకే 22 స్కోరు 62 ఏళ్ల ఆవిడకు "కీమో అక్కర్లేదు" అని చెబితే, 43 ఏళ్ల ఆవిడకు "కూర్చుని మాట్లాడుకుందాం" అని చెబుతుంది. 16 నుంచి 20 మధ్యలో ఉన్న చిన్నవయసు వాళ్లకు ఇంకో చూపు కావాలి: గడ్డ సైజు, గ్రేడ్ (కణాలు మామూలు కణాలకు ఎంత భిన్నంగా కనబడుతున్నాయో చెప్పే 1 నుంచి 3 వరకు అంకె). గ్రేడ్ 1 అయి 3 సెంటీమీటర్ల లోపు, గ్రేడ్ 2 అయి 2 సెంటీమీటర్ల లోపు, గ్రేడ్ 3 అయినా 1 సెంటీమీటరు లోపు ఉంటే దాన్ని తక్కువ క్లినికల్ రిస్కు అన్నారు, అలాంటివాళ్లలో 16-20 స్కోరుకు కీమో లాభం కనబడలేదని 2019లో అదే ట్రయల్ నుంచి వచ్చిన ఇంకో విశ్లేషణ చెప్పింది.

నోడ్‌లు ఒకటి నుంచి మూడు వరకు పట్టినవాళ్లకు ఆర్‌ఎక్స్‌పాండర్ అనే ట్రయల్ ఉంది, 2021లో ప్రచురించారు. స్కోరు 25 వరకు ఉన్నవాళ్లను తీసుకున్నారు. నెలసరి ఆగిపోయినవాళ్లకు కీమో కలపడం వల్ల లాభం లేదు. నెలసరి ఇంకా వస్తున్నవాళ్లలో మాత్రం 5 ఏళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్లు హార్మోన్ మందు మాత్రమే తీసుకున్న గుంపులో 89.0 శాతం, కీమో కూడా తీసుకున్న గుంపులో 93.9 శాతం. కాబట్టి రిపోర్టు తీసుకుని వెళ్లినప్పుడు మీ నెలసరి పరిస్థితి డాక్టర్‌కు స్పష్టంగా చెప్పండి, సిగ్గుపడకండి, ఆ ఒక్క వివరం మొత్తం నిర్ణయాన్ని తిప్పేస్తుంది.

ఈ వయసు తేడా ఎందుకు వస్తోందన్న చర్చ ఇంకా నడుస్తోంది. కీమో వల్ల చిన్నవయసు వాళ్లలో చాలామందికి అండాశయాలు పనిచేయడం ఆగిపోతుంది, ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. మరి మేలు చేసింది కీమో కణాలను చంపడమా, లేక ఈ ఈస్ట్రోజెన్ తగ్గడమా? అండాశయాలను ఇంజెక్షన్లతో అణిచిపెట్టి హార్మోన్ మందు ఇస్తే కీమో లేకుండానే అదే ఫలితం వస్తుందా అన్నది తేల్చడానికి ఆఫ్‌సెట్ అనే ట్రయల్ పెట్టారు. మీరు 50 లోపు ఉండి స్కోరు 16-25 మధ్య వస్తే, అండాశయాల అణచివేత గురించి తప్పకుండా అడగండి.

స్కోరు 26, ఆపైన వస్తే మామూలుగా కీమో వైపే మొగ్గుతారు. పాత ట్రయల్ ఒకదానిలో దాచి ఉంచిన గడ్డ ముక్కల మీద 2006లో వచ్చిన విశ్లేషణలో 31, ఆపైన స్కోరు ఉన్నవాళ్లకు కీమో వల్ల పదేళ్లలో దూరంగా తిరగబెట్టడం వందకు సుమారు 28 మందిలో తగ్గింది. అంత తేడా ఉన్నప్పుడు వెనకాడటంలో అర్థం లేదు. ఎక్కువ స్కోరు వస్తే కుంగిపోతాం, సహజమే, కానీ ఆ స్కోరే కీమో మీకు బాగా పనిచేసే రకం అని కూడా చెబుతోంది.

రెండు ప్రశ్నలను కలపకండి

జబ్బు తిరగబెట్టే అవకాశం ఎంత అన్నది ఒక ప్రశ్న. ఫలానా మందు వల్ల ఆ అవకాశం ఎంత తగ్గుతుంది అన్నది వేరే ప్రశ్న. చాలా మార్కర్లు (జబ్బు తీరు చెప్పే జీన్ లాంటి గుర్తులు) మొదటిదానికే జవాబిస్తాయి, రెండోదానికి ఇవ్వవు. రిస్కు ఎక్కువున్నంత మాత్రాన కీమో పనిచేస్తుందని కాదు, రిస్కు తక్కువున్నంత మాత్రాన ఏ మందూ వద్దని కాదు.

"కీమో రిస్కును మూడో వంతు తగ్గిస్తుంది" అన్న మాట వింటే వెంటనే "దేన్నుంచి దేనికి?" అని అడగండి. 30 శాతం ఉన్నదాంట్లో మూడో వంతు తగ్గితే 20 అవుతుంది, వందలో పదిమందికి మేలు. 3 శాతం ఉన్నదాంట్లో మూడో వంతు తగ్గితే 2 అవుతుంది, వందలో ఒక్కరికి మేలు, కానీ జుట్టు ఊడటం, ఇన్ఫెక్షన్లు, చేతులు కాళ్లు తిమ్మిర్లెక్కడం లాంటివి మాత్రం వందమందీ ఎదుర్కోవాల్సి రావచ్చు. డాక్టర్‌గారిని వందమంది లెక్కలోనే చెప్పమనండి. అలా అడిగితే చాలామంది డాక్టర్లు చక్కగా కాగితం మీద గీసి మరీ చెబుతారు.

పాథాలజీ రిపోర్టు పక్కన పెట్టుకుని చదవండి

ఈ రెండు కాగితాలూ ఒకదానికొకటి సాక్ష్యం. గ్రేడ్ 1, ఈఆర్ గట్టిగా పాజిటివ్, పీఆర్ కూడా పాజిటివ్, కేఐ-67 తక్కువ, అలాంటి గడ్డకు స్కోరు 40 వచ్చిందంటే ఎక్కడో పొంతన కుదరలేదు. గ్రేడ్ 3, కేఐ-67 బాగా ఎక్కువ ఉన్న గడ్డకు స్కోరు 5 వచ్చినా అంతే. తప్పు టెస్టుదే అనుకోనక్కర్లేదు, గ్రేడ్ తప్పు చూసి ఉండొచ్చు, బయాప్సీ గాయం భాగం కలిసి ఉండొచ్చు, వేరే బ్లాక్ వెళ్లి ఉండొచ్చు. "స్లైడ్లు ఇంకోసారి చూడమని పాథాలజిస్టును అడగగలరా?" అని మర్యాదగా అడగండి.

ఆంకోటైప్ రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్2 జీన్‌ల కొలతలు విడిగా కూడా ఇస్తారు. అవి మామూలు పాథాలజీ ఫలితంతో కలవకపోతే డాక్టర్‌తో మాట్లాడండి, కానీ హెర్2 మందు ఇవ్వాలా వద్దా అన్నది పాథాలజీ ల్యాబులో గడ్డ ముక్క మీద చేసే ఐహెచ్‌సీ, ఫిష్ పరీక్షలతోనే నిర్ణయిస్తారు, ఈ కొలతతో కాదు.

ఇంకో టెస్టు కూడా చేయించేద్దామా?

ఫలితం నచ్చనప్పుడు ఈ ఆలోచన రావడం మామూలే. వద్దంటాను. ఆప్టిమా ప్రిలిమ్ అనే అధ్యయనంలో 302 మంది గడ్డలను రకరకాల టెస్టులతో చూశారు, 2016లో ఫలితాలు వచ్చాయి. అన్ని టెస్టులూ ఒకే మాట మీద నిలిచింది పదిమందిలో నలుగురి విషయంలోనే. అన్నీ కలిపి మొత్తం జనానికి సగటున దాదాపు ఒకేలాంటి సమాచారం ఇస్తాయి, కానీ ఒక్కో మనిషి దగ్గరకు వచ్చేసరికి వేర్వేరు గడుల్లో పెడతాయి. రెండో టెస్టు చేయిస్తే రెండు అంకెలు మిగులుతాయి, ఏది నమ్మాలో చెప్పే మూడోది ఉండదు.

టెస్టు ఎంచుకునే అవకాశం మొదట్లోనే ఉంటే మాత్రం మీ పరిస్థితికి ఏ ట్రయల్ ఆధారం ఉందో అడగండి. మామాప్రింట్ 70 జీన్‌లు చూస్తుంది, 2002లో నెదర్లాండ్స్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధనల నుంచి వచ్చింది. దాని వెనక మైండాక్ట్ ట్రయల్ ఉంది, 6,693 మంది. సైజు, గ్రేడ్ చూస్తే రిస్కు ఎక్కువ, జీన్‌లు చూస్తే తక్కువ, అలా ఎటూ తేలనివాళ్లే ఇందులో కీలకం. వాళ్లలో కీమో తీసుకోనివాళ్లు కూడా 5 ఏళ్లకు 94.7 శాతం మంది జబ్బు దూరంగా పాకకుండా ఉన్నారు. ఇక్కడ కూడా ఎక్కువకాలం గమనిస్తే 50 ఏళ్లు, ఆలోపు వాళ్లలో కీమోతో కొంత తేడా కనబడింది, పైబడినవాళ్లలో దాదాపు లేదు. ఎండోప్రెడిక్ట్ తుది స్కోరులో జీన్‌లతోపాటు గడ్డ సైజు, నోడ్‌లు కూడా కలుపుతారు. బ్రెస్ట్ క్యాన్సర్ ఇండెక్స్ ఎక్కువగా వాడేది వేరే ప్రశ్నకు: 5 ఏళ్ల హార్మోన్ మాత్రలు అయిపోయాక ఇంకా కొనసాగించాలా అన్నదానికి.

మిగతా క్యాన్సర్లలో

ప్రొస్టేట్ క్యాన్సర్‌కు డెసిఫర్ ఉంది, 22 జీన్‌లు, స్కోరు 0 నుంచి 1 వరకు, 0.45 లోపు తక్కువ, 0.60 పైన ఎక్కువ అంటారు. ప్రొలారిస్ కణ విభజన జీన్‌లనే చూస్తుంది. ఇవి పీఎస్‌ఏ (ప్రొస్టేట్ రక్తపరీక్ష), గ్లీసన్ స్కోరుతో (మైక్రోస్కోపులో చూసి ఇచ్చే గ్రేడుతో) కలిపి చూడాల్సినవి. వెంటనే చికిత్స మొదలుపెట్టాలా, గమనిస్తూ ఉండొచ్చా, రేడియేషన్ కలపాలా అన్న చర్చల్లో సాయపడతాయి. కంట్లో వచ్చే యూవియల్ మెలనోమాలో 15 జీన్‌ల టెస్టు గడ్డను క్లాస్ 1, క్లాస్ 2 అని విడగొడుతుంది, క్లాస్ 2 అయితే కాలేయానికి పాకే అవకాశం చాలా ఎక్కువ కాబట్టి స్కానింగులు దగ్గర దగ్గరగా పెడతారు. పెద్దపేగు క్యాన్సర్‌కు 12 జీన్‌ల టెస్టు ఉన్నా, తిరగబెట్టే అవకాశం గురించి కొంత చెబుతుందే గానీ కీమో లాభాన్ని చెప్పదు, కాబట్టి దాన్ని చూసి చికిత్స మార్చరు.

"కొత్త జీన్ మార్కర్ కనుగొన్నారు" అన్న వార్త చూస్తే

ఇలాంటివి వాట్సాప్‌లో వారానికొకటి తిరుగుతాయి. జల్లెడ పట్టడానికి ఒక నిజం చెబుతాను. 2011లో బెల్జియం పరిశోధకులు రొమ్ము క్యాన్సర్ జీన్ మార్కర్లను పరీక్షించడానికి ఒక తమాషా పనిచేశారు: ఏ సంబంధమూ లేకుండా, గుడ్డిగా ఏరిన జీన్‌ల గుంపులను తీసుకుని, అవి కూడా రోగుల ఆయుష్షుతో ముడిపడతాయేమో చూశారు. చాలా గుంపులు ముడిపడ్డాయి. భోజనం తర్వాత నవ్వడానికి సంబంధించిన జీన్‌ల గుంపు కూడా అందులో ఉంది. కారణం సూటిగానే ఉంది, గడ్డలో వేలాది జీన్‌లు కణ విభజన వేగంతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి, కాబట్టి దేన్ని పట్టుకున్నా ఆ వేగం నీడ అందులో కనబడుతుంది. ఒక జీన్ ఆయుష్షుతో ముడిపడింది అంటే అది జబ్బుకు కారణమనీ కాదు, అదో కొత్త సమాచారమనీ కాదు.

అందుకే వార్త చదివినప్పుడు ఇవి వెతకండి. ఎక్కడ కనిపెట్టారో అక్కడి రోగుల మీదే పరీక్షించారా, వేరే ఆసుపత్రుల్లో, వేరే రోగుల మీద మళ్లీ సరిచూశారా? గ్రేడ్, సైజు, నోడ్‌లు, కేఐ-67 ఇప్పటికే చెప్పేదానికి ఇది ఏమైనా కలుపుతోందా? కటాఫ్ ముందే పెట్టుకున్నారా, లేక ఫలితం బాగా కనబడే చోట తర్వాత పెట్టారా? చివరిగా, దాన్ని బట్టి చికిత్స మార్చి చూసిన ట్రయల్ ఉందా? చాలా మార్కర్లు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. 2005లో రిమార్క్ అనే మార్గదర్శకాలు వచ్చింది కూడా మార్కర్ల పరిశోధకులు ఇలాంటి వివరాలన్నీ బయటపెట్టి రాయాలనే.

డాక్టర్ దగ్గరకు వెళ్లే రోజు

పాథాలజీ రిపోర్టు, జీన్ టెస్టు రిపోర్టు అన్ని పేజీలతో సహా తీసుకెళ్లండి, మొదటి పేజీ ఫొటో ఒక్కటి సరిపోదు. వెంట ఒకరిని తీసుకెళ్లండి, వాళ్ల పని రాసుకోవడం. ప్రశ్నలు ముందే రాసుకోండి: నా వయసుకు, నా నోడ్‌లకు ఈ స్కోరు అర్థం ఏంటి? కీమో లేకుండా వందలో ఎంతమందికి తిరగబెడుతుంది, కీమోతో ఎంతమందికి? నాకున్న షుగరు, గుండె సమస్యలు లాంటివి ఈ నిర్ణయాన్ని మారుస్తాయా? మీరు సలహా ఇచ్చేది ఏంటి, ఎందుకు? ఆ కారణాన్ని కేస్ షీటులో రాయమనండి, తర్వాత వేరే డాక్టర్ చూసినా దారి తెలుస్తుంది.

అక్కడికక్కడే జవాబు చెప్పాల్సిన పని లేదు. రెండు మూడు రోజులు ఆలోచించుకుని వస్తామంటే ఎవరూ తప్పుపట్టరు. అలాగని నెలలు గడపకండి, కీమో అవసరమైతే ఆపరేషన్ అయిన కొన్ని వారాల్లోనే మొదలుపెట్టడం మంచిది.

కీమో వద్దని తేలితే ఇంట్లో పండగ చేసుకోండి, కానీ హార్మోన్ మాత్రలు మాత్రం ఆపకండి. తక్కువ స్కోరు వచ్చింది కదా, ఇక మాత్రలు కూడా ఎందుకులే అని ఏడాదికో రెండేళ్లకో మానేసేవాళ్లు ఉన్నారు. రిపోర్టులో ఉన్న ఆ తక్కువ శాతం హార్మోన్ మందు 5 ఏళ్లు వాడతారన్న లెక్క మీద వేసింది, మానేస్తే ఆ శాతం మీకు వర్తించదు. ఒళ్లంతా వేడి ఆవిర్లు వచ్చినా, కీళ్లు నొప్పులు పుట్టినా, నిద్ర పట్టకపోయినా డాక్టర్‌కు చెప్పండి. ఒక మందు పడకపోతే ఇంకోదానికి మార్చడానికి వీలుంది, నొప్పులకూ ఆవిర్లకూ విడిగా మందులున్నాయి.